కల్లేదారు కుర్చీ

2004 ఎండాకాలంలో, బీడీలు చుట్టే తునికాకు కొనే కల్లం తెరిచేనాటికి నా చేతిలో ఉన్నవి ఒక కిరాయి లారీ, ఊళ్లో ఆకు కోసే దూలయ్య మంచితనం. ఎవరినీ పల్లెత్తు మాట అనడని, ఆకుకట్టలు మంచివో కావో తేల్చే కల్లేదారుగా అతణ్ణే కూర్చోబెట్టాను.

వారం తిరక్కుండానే ఆకు తెచ్చే ఆడవాళ్లు అతని ముందు చెప్పులు విడిచి నిలబడసాగారు. నచ్చని కట్ట విసిరేసేవాడు, దానికి కూలి లేదు.

“ముక్తార్ సేటూ, గిట్లయితే మేం పక్క కల్లానికి పోతం,” అంది వాళ్లలో ఒకరైన కళావతి. ఆకు పోతే నేను మునిగినట్టే.

పరీక్షగా, దూలయ్య భార్య ఎర్రమ్మ కట్టిన కట్టను ఇంకొకరితో పంపాను. చూడకుండానే విసిరేశాడు.

అతణ్ణి దించి కళావతిని కూర్చోబెట్టాను. మర్నాడే ఆమె దూలయ్య తెచ్చిన కట్టను కాలితో తోసింది. “ఏంది బావా, గివి ఆకులా, గొడ్ల మేతా?”

అప్పుడు కుర్చీని రోజుకొకరికి ఇచ్చాను. ఇవాళ కట్టలు చూసినవాళ్లు రేపు వరుసలో నిలబడాలి. విసరడం ఆగిపోయింది.

“మరి నీ కుర్చీ ఎప్పుడు మారుతది సేటూ?” అంది ఎర్రమ్మ నవ్వుతూ.

సీజన్ ముగిసేసరికి ఆకంతా నా కల్లానికే వచ్చింది. సేటు కుర్చీలో మాత్రం చివరిదాకా నేనే కూర్చున్నాను.