బెత్తెడు కింద

పక్కింటామె మా అత్తతో అందట, మీ పెద్దాడి చెయ్యి వణికుంటుంది వదినా, లేకపోతే నిలబడ్డ పందికి గురి తప్పుతాడా అని, అత్త ఆ మాట పొయ్యి దగ్గర నాకు చెప్పి ముక్కు చీదుకుంది, వణికిందట నా మొగుడి చెయ్యి, నిద్రపోయే పసిదాని గోళ్లు తీసిన చెయ్యి, ఇదిగో ఈ ఇసుక సంచి మీద తుపాకి ఆనించి నాకు గురి నేర్పిన చెయ్యి, కంపెనీలో చేసిన తుపాకే కానీ దీనికీ నోరుంది, తనకి ఏ తూటా పడుతుందో అదే చెప్పాలి, ఒక రకం కాల్చు, గొట్టం చల్లారనీ, తుడువు, అప్పుడు రెండోది పెట్టు అనేవాడు, ఇప్పుడు నేను కాల్చిన చిన్న గుండ్లు మూడూ అట్ట మీది నల్లచుక్కని కొరికేశాయి, తుపాకి మీది దుర్భిణి ఆయన సరిచేసింది వీటికే, ఆ చుక్క పంది గుండె, చీలు, దాని కోరకి ఆయన పొట్ట చీలినట్టు చీలు, బయటపడ్డ పేగుల్ని రెండు చేతులా లోపలికి తోసుకుంటూ నీళ్లడిగాడట, పోసింది మరిది, చెట్టు దిగొచ్చాక, వాడే ఇప్పుడు నా పక్కన ఆవలిస్తూ తూటాలందిస్తున్నాడు.

గొట్టం చల్లారింది, పెద్ద గుండ్లు పెట్టాను, ఇవీ మూడూ ఒకచోటే, కానీ చుక్కకి బెత్తెడు కింద, గుండెకి బెత్తెడు కిందంటే ముందుకాలు, ఆ పంది ఇప్పటికీ ముందుకాలు ఈడ్చుకుంటూ చేలల్లో తిరుగుతోంది, మరిది అట్టకేసి చూసి, ఆ రోజూ ఇవేగా వదినా, పెద్ద పందికి పెద్ద గుండని నేనే మార్చా, చెప్తే అన్న తిడతాడని చెప్పలా, అయినా తూటాలన్నీ ఒకటేగా అన్నాడు, ఒకటేనా, ఈ తుపాకి మడమతో ఆ పళ్లు రాలగొట్టి, నెత్తురు ఉమ్ముతుంటే మళ్లీ అడగాలి ఒకటేనా అని, దవడ విరిగేదాకా అడగాలి, పేగులు తోసుకుంటూ కూడా ఆయన తన చెయ్యే తప్పిందనుకునే పోయాడు.

వణకలేదు, ఆయన చెయ్యి వణకలేదు, నాదీ వణకడం లేదు, గొట్టంలో ఇంకొకటి ఉంది, రేపు పందికి ఏది తీసుకెళ్దాం వదినా అన్నాడు వాడు, తుపాకి తిప్పాను, గొట్టం వాడి చొక్కా గుండీకి తగిలింది, చిన్నది పందికి, ఇంత దగ్గర్లో నీకైతే అన్నీ ఒకటే అన్నాను.