తావా ప్రాణాన్ని పిలిచిన రోజు

తావా కుటుంబానికి నార్వే వచ్చి స్థిరపడమని పిలుపొచ్చిందని తెలిసినప్పటి నుంచి మూపోకు తిన్నది ఒంటబట్టడం లేదు. ఆడవాళ్ళిద్దరూ సరిహద్దుకు అవతల కరెన్ కొండల్లో ఒకే ఊళ్ళో పుట్టారు. సైన్యం ఊరు తగలబెడితే కలిసే నది దాటి, థాయ్‌లాండ్ సరిహద్దులోని ఈ శరణార్థుల శిబిరానికి చేరి, పక్కపక్కనే వెదురు గుడిసెలు వేసుకున్నారు. అదే బియ్యం, అదే పప్పు, అదే పులిసిన చేపల ముద్ద. తేడా అల్లా ఒక్కటే. శిబిరంలో తలలు లెక్కపెట్టిన రోజు మూపో మొగుడు దొంగచాటుగా మొక్కజొన్న చేలో కూలికి పోయాడు. అతను కనబడలేదని, పై దేశాలకు పంపే జాబితాలో చేర్చకుండా ఇంటిల్లిపాదినీ పక్కన పెట్టేశారు. అయినా ఆమె కడుపుమంట మొగుడి మీద కంటే తావా మీదే ఎక్కువ. అది న్యాయం కాదని ఆమెకూ తెలుసు.

పైగా బస్సెక్కే ముందు చేతికి దారం కట్టమని తావా ఆమెనే అడిగింది. దూరం వెళ్ళే మనిషి ప్రాణం అక్కడా ఇక్కడా చిక్కుకుని ఉంటుంది. ఇంటి మెట్టు మీద గరిటెతో కొట్టి, దాన్ని పేరు పెట్టి పిలిచి, అప్పుడు తెల్లదారం కట్టాలి. పిలవకపోతే అది వెనకే ఉండిపోతుంది, వెళ్ళిన మనిషి అక్కడ నవ్వినా నవ్వులా ఉండదు. మూపో ఆ సంగతే ఆలోచించుకుంది. తావా వంతు వచ్చినప్పుడు పిలవకుండా ఊరికే పెదాలు కదిపేద్దాం అనుకుంది.

బయల్దేరే రోజు తావా పిల్లల ప్రాణాలను పిలిచి దారం కట్టింది, తావా మొగుడి ప్రాణాన్ని పిలిచి కట్టింది. తావా చెయ్యి చాపి, మరెవరికీ వినబడకుండా అంది:

"అక్కా, నన్ను మాత్రం పిలవొద్దు. నా ప్రాణాన్ని నీ దగ్గరే ఉండనీ."

"ఏంటే ఆ మాట?"

"అక్కడ నాకెవరున్నారు? భాషా రాదు, పాడూ రాదు. ఇక్కడైతే కుళాయి దగ్గర నీతో పోట్లాడుకుంటూ పడుంటుంది."

మూపోకు ఒళ్ళు మండిపోయింది. నార్వే ఈవిడకే కావాలి, శిబిరమూ ఈవిడకే కావాలి.

"పోయేదీ నువ్వే, ఉండేదీ నువ్వేనా? నీ ప్రాణానికి కూడా నేనే వండిపెట్టాలా? మూటాముల్లె సర్దుకున్నావుగా, దాన్నీ తీసుకుపో."

గరిటె అందుకుని మెట్టు అదిరేలా కొట్టింది. "తావా ప్రాణమా, రా. కుళాయి దగ్గరుంటే రా. బియ్యం వరసలో ఉంటే రా. కాలిపోయిన ఊళ్ళో ఉంటే రా. నా గుమ్మంలో కూర్చునుంటే లేచి రా." పిలిచేకొద్దీ ఇంకో చోటు, ఇంకో చోటు గుర్తొచ్చాయి. ఒక్కటీ వదల్లేదు. దారం బిగించి ముడేసి, మిగిలిన కొస పళ్ళతో కొరికేసింది.

బస్సు వెళ్ళిపోయాక వచ్చి తన గుమ్మంలో కూర్చుని పక్క గుడిసె వైపు చూసింది. నోరారా పిలిచి పంపేసిందే తప్ప, ఆ మనిషి తాలూకు ఒక్క పిసరైనా తన దగ్గర ఉంచుకోలేదని అప్పుడు తట్టింది. మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది.