మైకు ముందు మా అమ్మ

సముద్రం ఎన్నింటికి తెరుస్తారని అడిగే పిల్లలకి ఓపిగ్గా జవాబు చెప్పడం కూడా నా ఉద్యోగంలో భాగమేనని చేరేటప్పుడు నాకెవరూ చెప్పలేదు. పుదుచ్చేరిలో మా యూనివర్సిటీ వాళ్ళు బయటి దేశాల విద్యార్థుల కోసం కొన్ని వారాల కోర్సు ఒకటి నడుపుతారు. కళలు, చరిత్ర, భాష, నగరం అన్నీ కలిపి వండిన కదంబం అది. పాఠాలు చెప్పే ప్రొఫెసర్లు గంటసేపు కనిపించి, బాటిల్ నీళ్ళు తాగి, ఫొటో దిగి వెళ్ళిపోతారు. మిగతాదంతా కోఆర్డినేటర్ భువనేశ్వరి నెత్తిన పడుతుంది, అంటే నా నెత్తిన. సిమ్ కార్డు నేనే, కడుపునొప్పి నేనే, అద్దె స్కూటర్ మీంచి పడితే కట్టు కట్టించేదీ నేనే. ముగ్గుల తత్వం మీద ప్రాజెక్టు చేస్తానన్న మహానుభావుడొకడు కోర్సు అయ్యేదాకా ఒక్కరోజైనా ముగ్గు వేసే వేళకి నిద్ర లేవలేదు. ఎండెక్కాక వచ్చి, మోటారు సైకిళ్ళు తొక్కేసిన ముగ్గుని ఫొటో తీసి, చెరిగిపోవడమే దీని అర్థం అని రాశాడు. ప్రొఫెసర్ వాడికే ఎక్కువ మార్కులు వేశాడు. ఇంకేం చెప్పను, నా ఖర్మ.

అయినా ఈసారి ఆ కోర్సు మీదే నేను ఆశ పెట్టుకున్నాను. కారణం మా అమ్మ గొంతు.

మా అమ్మ అమ్మాయమ్మది పుట్టుబొంగురు గొంతు. అందుకే లోపల గడ్డ లేచినా ఎవరికీ తెలియలేదు. తెలిసేసరికి డాక్టరు, గొంతుపెట్టె మొత్తం తీసేయాలన్నాడు. ప్రాణానికి భయం లేదు, కానీ ఆ తర్వాత మాట ఉండదన్నాడు. మా అన్న రాజ్‌మోహన్ ఎన్నాళ్ళు ఆస్పత్రిలో ఉండాలో, గదిలో ఏసీ ఉంటుందో లేదో అడుగుతున్నాడు. నాకు మాత్రం గుండెలో రాయి పడింది. ఆ గొంతు ఒకసారి పోతే మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? ఎలాగైనా దాన్ని పట్టి దాచుకోవాలనుకున్నాను.

పుదుచ్చేరిలోనే, నెల్లితోపులో మా ఇల్లు. ముత్తాతల కాలం నుంచి ఈ ఊరే మాకు. వాకిలి దాటితే తమిళం, లోపలికొస్తే తెలుగు, ఆ తెలుగులోనూ సగం తమిళమే. అమ్మకి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నేను నేర్చుకున్నది కూడా పెద్దయ్యాక, పట్టుబట్టి. కానీ ఆ ఇంటి తెలుగులో అమ్మ తిడితే వినాలి. అన్నం ముందు ఫోను చూస్తే చాలు, "ఏమే భువనా, తింటాండావా నెమరేస్తాండావా? కొళంబు ఆరి నీళ్ళయిపోతాంది, నీ మూతికి రుచి తెలిసేది ఎప్పుడు?" అంటుంది. మా ఇంట్లో పులుసు కొళంబే. ప్రేమైనా అదే గొంతు, కోపమైనా అదే గొంతు. నాకు జ్వరం వస్తే జ్వరాన్ని కూడా అలాగే తిట్టేది.

ఫోనులో పట్టొచ్చు కదా అంటారేమో. ఫోను ఎత్తితే పైట సర్దుకుని నోరు మూసేస్తుంది. దొంగతనంగా అలమర మీద పెట్టి చూశాను. కుక్కరు కూత, మిక్సీ రొద, మా అన్న ఆవలింత తప్ప ఏమీ పడలేదు.

కోర్సులో ప్రతి విద్యార్థీ చివర్లో ఒక ఇంటిని ఎంచుకుని, ఆ ఇంటి మాటని రికార్డు చేసి చూపించాలి. పోర్చుగల్ నుంచి వచ్చిన ఇనెస్ అనే అమ్మాయి దగ్గర చీమ నడిచినా పట్టే రికార్డరు ఉంది. ఆ పిల్లకి తెలుగు ఒక్క ముక్క రాదు. భాష తెలియకపోతేనే గొంతు బాగా వినిపిస్తుందని దాని సిద్ధాంతం. ఇదొక చోద్యం అనుకున్నాను గానీ, రికార్డరు ముఖం చూసి మా ఇల్లే దానికి అప్పగించాను. ఆపరేషన్‌కి ఇంకా కొద్దిరోజులే ఉన్నాయి.

అక్కడే మా అన్న వేలు పెట్టాడు. ముదలియార్‌పేటలో కొట్టు కట్టేసి పనిగట్టుకుని వచ్చి, "అమ్మా, నీ మాట యూనివర్సిటీలో పెడతారంట. ప్రపంచమంతా వింటారంట, కొంజెం బాగా మాట్లాడు" అని చెవిలో ఊది పోయాడు. ఆ ఒక్క మాటతో కొంప మునిగింది.

ఇనెస్ వచ్చేసరికి అమ్మ పట్టుచీర కట్టుకుని, మల్లెపూలు పెట్టుకుని, కుర్చీ అంచున పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చుంది. ఎర్రలైటు వెలిగింది. అమ్మ చేతులు జోడించింది.

"నమస్కారమండి. నా పేరు అమ్మాయమ్మ. మా కుటుంబము చాలా గొప్ప కుటుంబము. మేము అందరమును ఎంతో ఆనందముగా జీవించుచున్నాము."

నేను కాఫీ గ్లాసులతో గుమ్మంలోనే ఆగిపోయాను. మధ్యాహ్నం టీవీ సీరియళ్ళలో జమీందారు భార్య మాట్లాడే తెలుగు అది. మా ఇంట్లో ఏ తరంలోనూ ఎవరూ జీవించుచుండలేదు. బతికారంతే.

"భువనేశ్వరి గారూ, అతిథికి కాఫీ ఇవ్వండి" అంది అమ్మ నా వైపు తిరిగి.

గారూ! నన్ను! నిన్నటిదాకా దున్నపోతా అన్న నోరు!

"అమ్మా, ఏందమ్మా ఇది? ఎవురు నువ్వు? మామూలుగా మాట్లాడు!"

"మీరు ఆవేశపడకండి" అంది అమ్మ నవ్వుతూ. ఇనెస్ కళ్ళు మూసుకుని, ఎంత సంగీతమో అన్నట్టు తలాడిస్తోంది. ఒకరు నాటకం, ఒకరు చెక్కభజన. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు. మా అమ్మ ఇంట్లోనే, తన కుర్చీలోనే, ఒక చిన్న మైకు చూసి పిల్లయిపోయింది.

మర్నాడూ అదే వరస. ఆ మర్నాడూ అదే. అమ్మ తన చిన్నతనం గురించి చెప్పింది, ఏంబలం పల్లె పొలాల గురించి చెప్పింది, అంతా ఎవరో రాసిచ్చిన ఉపన్యాసంలా చెప్పింది. వరి కోత గురించి చెబుతూ "పచ్చని ప్రకృతి మాత" అంటే నాకు పిచ్చెక్కింది. అదే ఏంబలం కోతల గురించి నాకు చెప్పేటప్పుడు, జలగ పట్టిన కాలు ఎత్తి చూపిస్తూ పడీపడీ నవ్వేది. నేను వంటింట్లోంచి అరవడం, అమ్మ హాల్లోంచి "శాంతించండి" అనడం, అదొక తంతుగా తయారైంది.

చివరి రోజు రికార్డరు హాల్లోనే వదిలి ఇనెస్ గేటు దగ్గర ఎవరితోనో ఫోను మాట్లాడుతోంది. నేను అమ్మని వంటింట్లోకి లాక్కొచ్చి నిలదీశాను.

"ఎందుకిట్లా చంపతాండావు నన్ను? నీ మాట యాడ పొయ్యింది?"

అమ్మ హాలు వైపు ఓసారి తొంగి చూసింది. తర్వాత నా చెవి దగ్గరికొచ్చి గుసగుసగా చెప్పింది. పెళ్ళైన కొత్తలో నాన్నతో తిరుపతి వెళ్ళిందట. క్యూలో పక్కనున్న ఆడవాళ్ళతో ఏదో మాట కలిపిందట. వాళ్ళు ఒకరినొకరు చూసుకుని, ఇదెక్కడి తెలుగే, అరవతెలుగు అని విరగబడి నవ్వారట.

"అప్పుటి నించీ బయటోళ్ళ ముందర మన మాట ఎత్తలేదు నేను. పొయ్యే గొంతు, పొయ్యేటప్పుడన్నా నాలుగు మంచి మాటలు మాట్లాడి పోనీలే" అంది, అదే గుసగుసతో.

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపంగానే వస్తుంది, ఏం చేయను.

"ఎవుతెవుతో నవ్వితే నువ్వు నోరు కుట్టుకుంటావా? ఆ మాటతో కాదా నన్ను పెంచింది? నాకి మంచి మాట ఒద్దు తల్లీ, నీ మాట కావాల! ఇంకెవురు తిడతారు నన్ను? నేను కూడు తినకపోతే ఎవురడగతారు? ఆ పట్టుచీర ఇప్పి పారేసి నాలుగు తిట్లు తిట్టు!"

అమ్మ నా చెంప మీద చెయ్యి వేసి, మళ్ళీ వెళ్ళి కుర్చీలో కూర్చుని, ప్రపంచానికి ధన్యవాదములు చెప్పి ముగించింది. మూడోరోజు ఆపరేషన్ అయిపోయింది. థియేటర్లోకి పోతూ నాతో అన్న చివరి మాట మాత్రం ఇంటి మాటే, "పొయ్యి ఏమన్నా తిను పో." దాన్ని పట్టడానికి అక్కడ ఏ రికార్డరూ లేదు.

ఆ వారమే కోర్సు ముగింపు సభ. ఆస్పత్రిలో అన్నని కూర్చోబెట్టి, నేను హాల్లో కుర్చీలు వేయించి, సమోసాలు తెప్పించి, వెనక వరసలో కూలబడ్డాను. ఇనెస్ లేచి, ఒక వృద్ధురాలిలోని రెండు గొంతులు అని మొదలుపెట్టింది. "మొదటిది అతిథులకి ఇచ్చే గొంతు" అని మీట నొక్కింది. ప్రకృతి మాత వినిపించింది. "రెండోది ఇంటి గొంతు. గోడ అవతల నుంచి, మైకు మర్చిపోయి మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ విన్న ప్రతిసారీ ఏడ్చాను."

మీట నొక్కింది. బొంగురు గొంతు, విసురు, విరుపు, చివర్లో కాస్త వణుకు. అమ్మే. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. దొరికింది, దొరికింది అనుకున్నాను. అప్పుడు మాటలు చెవిలో పడ్డాయి. "నాకి మంచి మాట ఒద్దు తల్లీ, నీ మాట కావాల..."

అమ్మ కాదు. నేను.

జనం చప్పట్లు కొడుతుంటే ఇనెస్ చెయ్యి పట్టుకుని వరండాలోకి ఈడ్చుకొచ్చాను. "అది నేను. మా అమ్మ కాదు, నేను! నీకు చెవులున్నాయా?"

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. "మీ గొంతు నాకు తెలుసు మేడమ్. మీరు నాతో ఇంగ్లీషులో మాట్లాడతారు కదా, సన్నగా, నెమ్మదిగా. ఇది అది కాదు. అందుకే మీ అమ్మగారేననుకున్నాను. వంటింటి కేకలు విన్నా, కళ్ళు మూసుకుంటే ఏది ఎవరిదో తెలియలేదు. ఇంట్లో ఒక్క మనిషే వినిపించింది నాకు" అంది. నేను ఆ చెయ్యి వదిలేశాను. సమోసాల ప్లేట్ల పక్కన గోడకి చేరగిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. అంత ఖరీదైన పెట్టెలో మా అమ్మ మాట ఒక్కటీ లేదు.

అమ్మ ఇంటికొచ్చాక, మెడకి కట్టుతో హాల్లో కూర్చోబెట్టి ఆ రికార్డింగు వినిపించాను. వినిపించడమేంటి, ఫిర్యాదు చేశాను. "చూడు, నీ వల్లే. నువ్వు జీవించుచూ కూచున్నావు, ఇందులో నేనొక్కదాన్నే పడినాను" అన్నాను. అమ్మ విన్నది. భుజాలు కుదిపి కుదిపి, చప్పుడు లేకుండా నవ్వింది. మళ్ళీ పెట్టమని వేలు తిప్పింది. మళ్ళీ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

అంతలో పైనుంచి దబదబా నీళ్ళు. పక్కింటి వెళ్ళైయమ్మాళ్ అత్త మోటారు వేసి మర్చిపోయింది. మాలాగే తెలుగింటి మనిషి, అమ్మ ఈడుది. వాళ్ళ ట్యాంకు నిండితే పొర్లేది మా గోడ మీదకే. ఇలాంటప్పుడు కిటికీ దగ్గర అమ్మ కేక ఒకటి ఉండేది. అమ్మ గభాలున లేచి, నోరు తెరిచింది. ఏమీ రాలేదు. చేతులు చరిచింది, ఆ చప్పుడు ఏ మూలకీ వినపడదు. నా వైపు తిరిగి, కిటికీ వైపు నన్ను ఒక్క తోపు తోసింది.

ఇన్నాళ్ళ ఉక్రోషమంతా గొంతులోకి వచ్చింది. "యాడ పొయినారు అందురూ? ట్యాంకు పొర్లి గోడంతా నానిపోతాంది! నీళ్ళు మీ తాత తవ్విన బాయిలోవా? చెవుల్లో దూది పెట్టుకోనుండారా ఏందీ?"

గోడ అవతల గిన్నె ఏదో కింద పడింది. తర్వాత వెళ్ళైయమ్మాళ్ అత్త గొంతు, ఏడుపూ నవ్వూ కలిసిపోయి వినిపించింది.

"అమ్మాయక్కా! అక్కా, నువ్వా? మాట వచ్చేసిండాదా? రాదన్నారే! మురుగా, నా కడుపు చల్లగుండాది అక్కా!"

అత్తా, నేను భువనని అని చెప్పబోయాను. అమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. వద్దని తల అడ్డంగా ఊపింది. కళ్ళ నిండా నీళ్ళు. గడ్డం ఎత్తి కిటికీ వైపు చూపించింది, చెప్పు అన్నట్టు.

"ఆమా, వచ్చిండాది లేవే" అన్నాను. "ముందు మోటారు ఆపు!"