అవతలి ఒడ్డున పిన్ని

"ముక్కు పొడుగ్గా సాగాలి. మనిషి మాత్రం పొట్టిగా ఉండాలి," అన్నాను.

ముబారక్‌షో చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "కెమెరా కోసం వచ్చావా చెల్లీ, పెళ్ళికొడుకు కోసం వచ్చావా?"

ఖోరోగ్ పట్నం బజారులో రొట్టెల వరసకి ఈ చివర ఉంటుంది అతని కొట్టు. గడియారాలూ రేడియోలూ ఫోన్లూ బాగుచేస్తాడు. రాజధాని దుషాంబే నుంచి వాడిన కెమెరాలు తెప్పించి అమ్ముతాడు. చేతిలో పని కంటే నోట్లో మాట ఎక్కువ. ఇంకో రోజైతే నేనూ నాలుగు అంటించేదాన్నే. కానీ ఆ పొద్దున వ్యాన్‌లో గంటన్నర సేపు ఎవరివో బంగాళాదుంపల బస్తాల మీద కూర్చుని వచ్చాను. నడుము విరిగిపోతోంది. పరాచికాలు వినే ఓపిక లేదు.

"నదికి అవతల నిలబడ్డ మనిషి ముఖం కనపడాలి. ఒడ్డున తిరిగే సైనికుల కంట్లో పడకుండా నా జేబులో పట్టాలి. ఉంటే చూపించు, లేకపోతే పోతాను."

అతని ముఖంలో నవ్వు పోయింది. పాంజ్ నది ఒడ్డున పుట్టినవాళ్ళకి ఆ మాట విప్పి చెప్పక్కర్లేదు.

"మీ పిన్నేనా?"

"మా పిన్నే."

"ఆవిడకింకా తెలీదా?"

"ఎలా తెలుస్తుంది? నువ్వెళ్ళి చెప్పొచ్చావా?"

ముబారక్‌షో లేచి అటక మీది పెట్టెలు దించడం మొదలుపెట్టాడు.

మా అమ్మ సవ్‌సన్, మా పిన్ని గుల్‌చమన్, ఇద్దరే అక్కచెల్లెళ్ళు. యుద్ధం రోజుల్లో, మా కొండల్లో గింజ దొరకని ఏడు, అవతలి ఒడ్డు నుంచి, అంటే పక్క దేశం నుంచి, పిండి తెచ్చిన మనిషొకడు పిన్నిని పెళ్ళి చేసుకుని తీసుకుపోయాడు. "మూడు బస్తాలు దించి మా చెల్లెల్ని ఎక్కించుకుపోయాడు దొంగసచ్చినోడు" అని అమ్మ ఆయన్ని జీవితమంతా తిడుతూనే ఉంది. తరువాత వంతెన కట్టారు, శనివారం శనివారం వంతెన దగ్గర సంత పెట్టారు. అక్కచెల్లెళ్ళిద్దరూ సంతలో ఏమీ కొనేవాళ్ళు కాదు, అమ్మేవాళ్ళూ కాదు. ఓ మూల కూర్చుని ఎండు మల్బరీ పళ్ళు నములుతూ, ఒకరి మోకాలి నొప్పి ఒకరికి చెప్పుకునేవాళ్ళు. నాలుగేళ్ళ క్రితం సంత ఆపేశారు, వంతెన మూసేశారు. పిన్ని ఊరికి ఫోన్ టవర్ లేదు. అప్పటి నుంచీ శనివారం మధ్యాహ్నం అమ్మ ఎర్ర శాలువా కప్పుకుని మా ఒడ్డున నిలబడేది, పిన్ని పసుపు రుమాలు కట్టుకుని వాళ్ళ ఒడ్డున పెద్ద రాయి దగ్గర నిలబడేది. మా ఊరి దగ్గర నది వెడల్పు. మనిషి కట్టిన గుడ్డ రంగు తప్ప ముఖం తెలియదు. నీటి హోరులో కేక కూడా అందదు. ఇద్దరూ మూడేసి సార్లు చెయ్యి ఊపుకుని ఇంటికి వచ్చేవాళ్ళు.

పోయిన ఏడు ఆప్రికాట్లు ఆరబెట్టే రోజుల్లో అమ్మ పోయింది.

చావు ఇంట్లో వెలిగించే మూడోనాటి దీపం కొండెక్కక ముందే నేను ఒడ్డుకు పరుగెత్తబోయాను. మా ఊరి పెద్ద, ఖలీఫా దవ్‌లత్‌నజర్, గుమ్మంలో నాకు అడ్డు నిలబడ్డాడు.

"ఎక్కడికే?"

"పిన్నికి చెప్పొద్దా తాతా?"

"ఎలా చెప్తావు? చేతులూపి చెప్తావా? చావు కబురు మనిషిని కూర్చోబెట్టి చెప్పాలి. గొంతులో రెండు గుక్కల చాయ్ పోసి, చేతిలో చెయ్యేసి చెప్పాలి. ఏడుస్తుంటే పట్టుకోవడానికి పక్కన మనిషుండాలి. ఏటి గట్టున దాన్ని ఒంటరిగా కూలిపొమ్మంటావా? వంతెన తెరవనీ. నేనే పోయి చెప్తాను."

ఆయన మాట తప్పని ఎవరంటారు? మా పెద్దలెవరూ చావు కబురు వేరేలా చెప్పలేదు. ఊరందరి నోటికీ తాళం పడింది. ఆ శనివారం నేను అమ్మ ఎర్ర శాలువా తల నిండా కప్పుకుని, నడుము వంచి, ఒక చెయ్యి మోకాలి మీద పెట్టుకుని, రెండో చెయ్యి మూడుసార్లు ఊపాను. అవతల పసుపు రుమాలు కూడా మూడుసార్లు ఊపింది. ఇంటికి వచ్చి శాలువా నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మరుసటి వారం మళ్ళీ వెళ్ళాను. అలా ఎనిమిది నెలలు పిన్నిని మోసం చేశాను. ఈ మధ్య పిన్ని చెయ్యి హుషారుగా ఊపుతోంది, మోకాలి నొప్పి తగ్గినట్టుంది, పోనీలే అనుకున్నాను కూడా.

ఇక కెమెరా సంగతి. అమ్మ ఫొటోలన్నీ నా ఫోన్లో ఉండేవి. చలికాలంలో అది చచ్చింది. ఇదే ముబారక్‌షో దాన్ని పది రోజులు విప్పి, ఊది, వేడిచేసి, చివరికి తల అడ్డంగా ఊపాడు. ఇంట్లో మిగిలింది పాత గుర్తింపు కాగితం మీద పాతికేళ్ళ పిల్ల. ఆ పిల్లెవరో నాకు తెలియదు. మా అమ్మ నవ్వినా ఏడ్చినా మూతి ఒక పక్కకి లాగేది. పిన్నికీ అంతే. ఇద్దరూ ఒకే రొట్టెను తుంచిన రెండు ముక్కలు. వసంతంలో ఒకరోజు షీర్‌చాయ్‌లో, అదే మా ఉప్పు పాలచాయ్‌లో, రొట్టె తుంచి వేసుకుంటూ ఉంటే నాకు సందేహం వచ్చింది. ఏ పక్కకి? ఎడమకా, కుడికా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అద్దం ముందు నిలబడి నా మూతి అటూ ఇటూ లాగి చూసుకున్నాను. నాకు నాన్న మూతి వచ్చింది, ఎందుకూ పనికిరాలేదు. కన్నతల్లి ముఖం ఎనిమిది నెలలకే చెరిగిపోతోంటే నేనేం కూతుర్ని? పిన్ని ముఖం ఒక్కసారి దగ్గరగా చూడాలి, ఫొటో దాచుకోవాలి. నాకు కావలసింది అంతే.

ముబారక్‌షో మొదట దించింది అరచెయ్యంత గాజుకన్ను ఉన్న పెద్ద కెమెరా.

"చంద్రుడి మీద గుంటలు కనిపిస్తాయి దీంట్లో."

"దీన్ని మెళ్ళో వేసుకుని ఒడ్డుకి పోతే చంద్రుణ్ణి జైలు కిటికీలోంచి చూడాలి. తీసెయ్."

రెండోది సన్నగా, ఎర్రగా, ముద్దుగా ఉంది. పెట్టె మీద వంద రెట్లు అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నా మనసు దాని మీదకు పోయింది. ఇదే ఇచ్చెయ్ అన్నాను.

"రాతకేం, రాస్తారు! పెట్టెకేమైనా నొప్పా?" అన్నాడు అతను. "దీని గాజు నిజంగా దగ్గరికి లాగేది ఐదు రెట్లే. మిగతాదంతా ఉన్న బొమ్మని సాగదీయడం. పిండి ముద్ద ఒక్కటే అయినప్పుడు రొట్టె ఎంత వెడల్పు చేస్తే అంత పల్చనవుతుందా లేదా? నమ్మకపోతే ఆ బఖ్తీగుల్‌ని చూడు."

బజారు ఆ చివర రొట్టెలమ్మే బఖ్తీగుల్ వైపు తిప్పి చూశాను. వంద రెట్లకి వెళ్ళేసరికి ఆవిడ ముఖం గళ్ళగళ్ళ గుడ్డ అయిపోయింది. ముక్కెక్కడో మూతెక్కడో తెలియలేదు. నాకు కావలసిందే ఆ మూతి. ఎర్రదాన్ని వెనక్కి నెట్టేశాను.

మూడోది నల్లగా, అరచేతిలో ఇమిడిపోయేలా ఉంది. అంచుల దగ్గర రంగు పోయింది. చూడగానే నాకు నచ్చలేదు. మీట నొక్కగానే గాజు ఒకదాంట్లోంచి ఒకటి మూడంచెలుగా బయటికి వచ్చింది.

"ముప్పై రెట్లు. అంతా గాజే, కల్తీ లేదు."

మళ్ళీ బఖ్తీగుల్ వైపు తిప్పాను. ఓరి దేవుడా! ఆవిడ అగ్గిపుల్లతో పన్ను కుట్టుకుంటోంది. ఏ పన్నో కూడా తెలుస్తోంది. అమ్మ పోయిన తరువాత బయట ఒకళ్ళ ముందు నవ్వడం అదే మొదటిసారి. నవ్వేసరికి చెయ్యి కదిలి ఆవిడ తెరలోంచి ఎగిరిపోయింది. మళ్ళీ పట్టుకుంటే ఆవిడా, రొట్టెలూ, గొడుగూ అన్నీ గంతులేస్తున్నాయి.

"ఇదేంటిది, పిచ్చెత్తినట్టు ఊగుతోంది?"

"ఊగేది అది కాదు, నీ చెయ్యి. అంత దూరం లాగితే గుండె కొట్టుకోవడం కూడా బొమ్మలో తెలుస్తుంది. లోపల వణుకు ఆపేది ఒకటుంది కానీ దాన్నే నమ్ముకోకు. రాయి మీద పెట్టు. నొక్కాక రెండు సెకన్లాగి తీసేలా పెట్టి ఇస్తాను. నొక్కి చెయ్యి తీసెయ్. ఎండకి తెర కనపడదు, తల మీంచి శాలువా కప్పుకో. బ్యాటరీ పాతది, నలభై ఫొటోలకి మించి రావు."

"నాకు ఒక్కటి చాలు."

అతను కెమెరా తుడిచి నా ముందు పెట్టాడు. "ఆ ఫోను... నేను చెయ్యగలిగిందంతా చేశాను చెల్లీ."

"తెలుసులే," అన్నాను. ఆ మాట కాస్త మెత్తగా అని ఉండాల్సింది. నేను అడగకుండానే ఇంకో బ్యాటరీ నా సంచిలో పడేశాడు.

శనివారం ఎండ బాగా కాసింది. సైనికుల బండి పైకి వెళ్ళిపోయాక ఒడ్డుకు దిగాను. అవతల పసుపు రుమాలు అప్పటికే రాయి దగ్గర ఉంది, చేతికర్ర కూడా ఉంది. నడుము వంచి, మూడుసార్లు చెయ్యి ఊపాను. అటు నుంచి మూడుసార్లు ఊపింది. ఎప్పుడూ అంతటితో తిరిగి వచ్చేసేదాన్ని. ఆ రోజు అలసిపోయిన ముసలమ్మలా కూలబడి, ముందున్న బండ మీద కెమెరా పెట్టి, దాన్నీ నా తలనీ కలిపి శాలువాలో కప్పేసుకున్నాను.

ముందు నీళ్ళు కనిపించాయి. తరువాత ఇసుక, రాయి, కర్ర పట్టుకున్న చెయ్యి. ఇంకా దగ్గరికి లాగాను. పసుపు రుమాలు తెర నిండా వచ్చింది. దాని కింద ముఖం పదిహేడేళ్ళ పిల్లది.

నాకు మొదట ఒళ్ళు మండింది. ఎవత్తివే నువ్వు, మా పిన్ని రుమాలు నీకెందుకు? తరువాత పోల్చుకున్నాను. షీరీన్‌మో. పిన్ని కూతురు. నేను ఆఖరిసారి సంతలో చూసినప్పుడు పదమూడేళ్ళది, ముక్కు చీదుకుంటూ అమ్మ కొంగు పట్టుకుని తిరిగేది. పిన్నికి ఒంట్లో బాగోలేదేమో, ఇవాళ్టికి పిల్లని పంపించిందేమో అనుకున్నాను. ఎంత గట్టిగా అలా అనుకున్నానో నాకే తెలుసు. కానీ ఆ పిల్ల నడుము వంచి నిలబడ్డ తీరు ఇవాళ నేర్చుకున్నది కాదు. ఒక చెయ్యి మోకాలి మీద పెట్టుకుని ఉంది. నేను పెట్టుకున్నట్టే.

అప్పుడు మెడ దగ్గర పగడాలు కనిపించాయి. మా అమ్మమ్మ ఒక పొడుగాటి పగడాల దండ తెంపి, రెండు దండలు గుచ్చి, కూతుళ్ళిద్దరికీ వేసింది. మా ఇళ్ళల్లో ఆ దండ ప్రాణం ఉండగా తల్లి మెడలోంచి కూతురి మెడలోకి రాదు. నా చెయ్యి నా మెడ మీదకు పోయింది. అమ్మ దండ అక్కడే ఉంది.

వాళ్ళ ఊళ్ళోనూ ఒక ఖలీఫా ఉన్నాడన్నమాట. ఆయనా గుమ్మంలో అడ్డు నిలబడ్డాడన్నమాట. అటు పిన్ని లేదు, ఇటు అమ్మ లేదు. చచ్చిపోయిన ఇద్దరు ఆడవాళ్ళ గుడ్డలు కట్టుకుని మేమిద్దరం వారం వారం చేతులూపుకుంటున్నాం. నేను పిన్ని గుండె పగలకూడదని, అది వాళ్ళ పెద్దమ్మ గుండె పగలకూడదని. మోసపోవడానికి ఇక ఎవరూ మిగల్లేదు.

ఎర్ర శాలువా కూర్చుండిపోయిందని కాబోలు, ఆ పిల్ల ఇంటికి పోకుండా నిలబడే ఉంది. కంగారుగా ఇటే చూస్తోంది. పెద్దమ్మకి ఏమైందోనని దాని భయం. ఇంకొక్కసారి చెయ్యి ఊపి వచ్చేస్తే చాలు, అది నిమ్మళంగా ఇంటికి పోతుంది, వచ్చే శనివారం మళ్ళీ వస్తుంది. వంతెన తెరిచేదాకా, లేదా మాకు నిజంగానే నడుములు వంగేదాకా. నా చేత కాలేదు. పదిహేడేళ్ళ పిల్ల తల్లిని పోగొట్టుకుని, ఏడుపు మింగి, మా అమ్మ కోసం ముసలిదాని వేషం వేస్తోంది. దాన్ని ఎవరు కూర్చోబెడతారు? దాని చేతిలో చెయ్యి ఎవరు వేస్తారు?

తాతా, క్షమించు. నేను అరవలేదు. అరిస్తే వినపడేది కూడా కాదు. లేచి నిలబడ్డాను. నడుము నిటారుగా పెట్టాను. శాలువా తీసి బండ మీద పడేశాను. జడ ముడి విప్పి, పాయలు విడదీసి, చావు ఇంట్లో ఆడవాళ్ళు విరబోసుకున్నట్టు జుట్టంతా భుజాల మీదకు వదిలాను. మా అమ్మ తల పాలలా తెల్లన. నాది నలుపు. ఆ రంగు తెలియడానికి కెమెరా అక్కర్లేదు.

అవతల పసుపు చుక్క కదల్లేదు. ఎంతసేపని? అంతసేపూ నేను చేసింది పాపమేమోనని భయపడ్డాను. తరువాత దాని చేతిలో కర్ర నీళ్ళల్లో పడింది. రుమాలు ఊడింది. నల్లటి జుట్టు దాని నడుము దాకా జారింది.

"చెల్లీ!" అన్నాను. నాకే వినపడలేదు.

మోకాళ్ళ మీద కూలబడి, శాలువా తల మీదకు లాక్కుని తెరలోకి చూశాను. నా కళ్ళ నీళ్ళు తుడుచుకోవాలో, తెర తుడవాలో తెలియలేదు. అది రాయిని కావలించుకుని, నోరు తెరిచి, ఎనిమిది నెలల ఏడుపో ఏడాది ఏడుపో ఒక్కసారే ఏడుస్తోంది. పిన్ని ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియదు. ఒక్క శబ్దమైనా ఇటు రాలేదు. ఏడుస్తూ ఏడుస్తూ అది ముఖం నా వైపు ఎత్తింది. మూతి ఒక పక్కకి లాగింది.

నొక్కి, చెయ్యి తీసేశాను. రెండు సెకన్లు ఆగి కెమెరా టక్కుమంది.

ఎడమవైపు. మా అమ్మ మూతి ఎడమవైపుకు లాగేది.