లేదన్న మాట

యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో ఆమెను అందరూ వంకాయ అనేవారు. బల్ల అంచు తగిలినా చాలు, ఒంటిమీద ఊదారంగు మచ్చ తేలేది. ఆమె కూడా నవ్వేసేది. అక్క పోయాక మాత్రం నవ్వడం మానేసింది. అక్కకు టాన్సిల్స్ ఆపరేషన్ చేశారు. ఇంటికొచ్చిన ఐదో రోజు గొంతులోంచి రక్తం మొదలైంది. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

రెండేళ్ళకు వంకాయకు జ్ఞానదంతం పీకాల్సి వచ్చింది. పళ్ళ డాక్టరు ఆ మచ్చలు చూసి, ముందు రక్తం డాక్టరమ్మను కలవమన్నాడు. డాక్టరమ్మ పరీక్షలు చేయించి విడమరచి చెప్పింది: రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్ ఒకటి ఆమెకు పుట్టుకతోనే తక్కువ. అయినా రక్తనాళాల గోడల్లో కొంత నిల్వ ఉంటుంది. ఒక ఇంజెక్షన్ దాన్ని బయటికి రప్పిస్తుంది. అందరికీ పనిచేయదు కాబట్టి ముందు ఇచ్చి చూడాలి.

ఇచ్చారు. మొహం వేడెక్కి ఎర్రబడింది. "రేపటిదాకా నీళ్ళు తగ్గించి తాగమ్మా. ఈ మందుకి ఒంట్లో నీరు నిలిచిపోతుంది" అని చెప్పి నర్సు వెళ్ళిపోయింది.

పక్కనున్న అమ్మ నోరు జారింది. "నాకు ఇచ్చినప్పుడూ అంతేనే. రోజంతా నాలుక పిడచకట్టుకుపోయింది."

"నీకెప్పుడిచ్చారు?"

అమ్మ సంచీ జిప్పు లాగి, మళ్ళీ వేసింది. "నువ్వు పుట్టాక. రక్తం ఆగకపోతే."

"మరి అక్క ఆపరేషన్‌కి ముందు అడిగారు కదా, ఇంట్లో ఎవరికైనా రక్తం ఆగని జబ్బు ఉందా అని? లేదన్నావు. నేను అక్కడే ఉన్నాను."

"ఏమనమంటావే? పాడు రక్తం, పాడు రక్తమని మీ నానమ్మ బతికినన్నాళ్ళూ నన్ను దెప్పింది. అక్కకి అప్పుడే సంబంధం కుదిరింది. ఆ మాట దానికీ అంటుకోకూడదనుకున్నా. గొంతులో చిన్న కోతేగా అనుకున్నా."

గంటకు మళ్ళీ రక్తం తీశారు. సాయంత్రం డాక్టరమ్మ నవ్వుతూ వచ్చింది. "మూడింతలు పెరిగింది! పన్ను ధైర్యంగా తీయించుకో."

"మా అక్కకీ పనిచేసేదా?"

డాక్టరమ్మ నవ్వు ఆగిపోయింది. "చెప్పలేను. కానీ ముందే తెలిసి ఉంటే ఆమెను అలా ఇంటికి పంపేవాళ్ళు కాదు."

మళ్ళీ ఆ ఇంజెక్షనే ఇచ్చి పన్ను తీశారు. రక్తం బుద్ధిగా ఆగింది. అది ఆగినందుకే ఆమెకు ఒళ్ళు మండింది.

ఆ ఆదివారం వంకాయ పిన్ని ఇంటికి, అమ్మ సొంత చెల్లెలి ఇంటికి, బయల్దేరింది. పిన్నికి ఇద్దరు ఆడపిల్లలు. అమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. "నా పరువు బజారెక్కించకే."

"అక్క పాడెక్కింది. నీ పరువు బజారెక్కితే ఏం పోతుంది?"

పిన్ని పూర్తిగా వినను కూడా లేదు. "మా పిల్లలకి ఏ రోగమూ లేదు" అని తలుపేసింది. వంకాయ సగం మెట్లు దిగేసరికి పిన్ని పెద్దకూతురు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది.

"నాకూ నెలనెలా పదేసి రోజులు ఆగదక్కా. ఏ ఆస్పత్రి?"

ఆస్పత్రి పేరు, డాక్టరమ్మ కూర్చునే రోజులు రెండుసార్లు చెప్పించుకుని ఆ పిల్ల పైకి వెళ్ళింది. ఆ సాయంత్రం నుంచి అమ్మ వంకాయతో మాట్లాడలేదు. ఆమె కూడా అమ్మను పలకరించలేదు. ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉంటున్నారు.