మాను పసుపు రుచి

రాయచూరు బజారులో మాది జడీబూటీ దుకాణం. వేర్లు, బెరళ్ళు, ఎండు కాయలు అమ్ముతాం. గిరాకీ వచ్చి మరదరిశిణ అన్నా, దారుహల్దీ అన్నా, మాను పసుపు అన్నా తీసిచ్చేది ఒకే కట్టె. ఈ మూడు పేర్లూ తెలియనివాడు ఇక్కడ వ్యాపారం చేయలేడు. నాకు పని నేర్పింది మా నాయన శివరామకృష్ణయ్య అని బజారంతా అనుకుంటుంది. ఉత్త మాట. నేర్పింది నా భార్య కమలాక్షి.

నలభై అయిదేళ్ళ కింద, నారాయణపేట నుంచి కోడలిగా వచ్చిన నెలకే మా నాయన ఆమెతో "చోబ్‌చీని తేమ్మా" అన్నాడు. ఆయన అడిగింది చైనా నుంచి వచ్చే వేరు. ఉర్దూలో చీనీ అంటే చక్కెర కదా, ఈమె వంటింట్లోకి పోయి దోసెడు చక్కెర పట్టుకొచ్చింది. దుకాణంలో అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను, బుద్ధి లేక. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు నుంచి దుకాణంలో ఉన్న ప్రతి వేరునూ కొరికి చూడడం మొదలుపెట్టింది. ఏడాది తిరిగేసరికి కళ్ళు మూసుకుని పేరు చెప్పేది. ఆమె రుచి చూసి తలూపితేనే నేను మూట దింపించుకునేవాణ్ణి. మాను పసుపు నమిలిన రోజు పళ్ళన్నీ పచ్చగా చేసుకుని, గల్లా దగ్గర కూర్చున్న నా వైపు చూసి నవ్వేది. ఆ నవ్వు కోసం నేను అవసరం లేకపోయినా మాను పసుపు తెప్పించిన రోజులున్నాయి.

మూడేళ్ళుగా ఆమె మతి జారిపోతోంది. మొదట ఇరుగుపొరుగు పేర్లు పోయాయి, తర్వాత పిల్లలవి. పోయిన దీపావళి నుంచి నన్నే "ఎవరండి మీరు?" అంటోంది. షుగరు బిళ్ళలకు తోడు డాక్టరు ఇంకో రెండు బిళ్ళలు రాశాడు. ఏం లాభం లేదు.

మొన్న మనవరాలు సాహితి సెలవులకు వచ్చింది. ధారవాడలో పరిశోధన చేస్తోంది.

"చైనోళ్ళ వేరు ఒకటున్నది తాతా, హ్వాంగ్‌లియన్ అంటరు. దాంట్ల బెర్బెరిన్ అని ఉంటది. దాంతోని కణాలల్ల ఆటోఫజీ పెరుగుతదా అని చూస్తున్నం."

"అదేంది?"

"కణం తనల పేరుకున్న చెత్తను తనే తిని సాఫ్ చేసుకునుడు. ఆకలి మీదుంటె ఇంకా బాగ చేస్తది. మతిమరుపు జబ్బుల మెదడు కణాలల్ల చెత్త పేరుకపోతది."

"లంఖణం పరమౌషధం అని మా అమ్మ ఎప్పుడో చెప్పింది. గిదానికి చైనా దాంక పోవాల్నా?" అన్నాను.

సాహితి నవ్వింది. "ఆ బెర్బెరిన్ మన మాను పసుపుల గూడ ఉన్నది తాతా."

నేను కూర్చున్నచోటు నుంచి లేచి నిలబడ్డాను. నా ముఖం చూసి పిల్ల భయపడింది. "నాయనమ్మకు మాత్రం ఇయ్యకు. మేం చూసింది గాజు గిన్నెలల్ల కణాల మీద, మనుషుల మీద కాదు. పైనుంచి అది షుగరును దించుతది. బిళ్ళలకు తోడైతే కండ్లు తిరిగి పడ్తది."

సరే అన్నాను. నేను సరే అన్నానంటే వినలేదని అర్థం, ఆ సంగతి ఆ పిల్లకు తెలియదు. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అనలేదు.

సోమవారం సాహితి వెళ్ళిపోయింది. మంగళవారం పొద్దున పోయిన నెల తెచ్చిన మూట విప్పి, కట్టెలు దంచి, చెంబెడు నీళ్ళు గ్లాసెడయ్యే దాకా కాచాను. ఒక్కసారి నన్ను గుర్తుపడితే చాలు, తిట్టినా సరే అనుకుంటూ తీసుకుపోయి ఆమె చేతికిచ్చాను.

కమలాక్షి వాసన చూసింది. నాలుక కొస ముంచింది. ముఖం చిట్లించింది.

"ఈ సరుకు మీరే తెచ్చిన్రా?"

"నేనే."

"ఇది మాను పసుపు గాదు. చేదేది? ఉత్త కట్టెకు పసుపు నీళ్ళు తాపిన్రు. మాకు గిసుంటిది అంటగడ్తరా?"

గ్లాసు లాక్కుని తాగి చూశాను. నిజమే. నెల రోజులుగా ఇదే అమ్ముతున్నాను. సిగ్గేసింది. సిగ్గుకు మించి సంతోషం వేసింది. వేరు గుర్తున్నప్పుడు నేను మాత్రం ఎందుకు గుర్తుండను?

"కమలా, నేనెవర్ని?"

ఆమె నన్ను పైనుంచి కిందకు చూసింది. "మూటలు తెచ్చెటోళ్ళు గదా. జల్ది తీస్కపోండ్రి, మా ఆయన చూస్తే ఊకోడు."

నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. తుడుచుకుని అడిగాను. "మీ ఆయనకు సరుకు గురించి అంత తెలుస్తదా?"

"ఆయనకేం తెల్వదు," అని నవ్వింది. "గని నన్నడగకుండ ఒక్క వేరు గూడ కొనడు."

నేను ఆమెను అడగక మూడేళ్ళయింది.

దొంగ కట్టెల మూటను బయట పడేశాను. లోపలికి పోయి మిగతా మూటలన్నీ ఒక్కొక్కటే మోసుకొచ్చి ఆమె ముందు విప్పాను. పెళ్ళయినప్పటి నుంచి మొదటిసారి ఆమెను మీరు అన్నాను.

"చూడుండ్రమ్మా. మీరు కాదంటె వాపసు తీస్కపోత."