వెనక్కి చూసే దీపం

ఆళ్లగడ్డలో జొన్నల పాతర తీసే రోజున ముందు జీవమ్మకు కబురు పోతుంది. నేల కింద గుంతలో నెలల తరబడి మూసిపెట్టిన జొన్నల మీద చెడ్డగాలి నిలుస్తుంది. తొందరపడి దిగినవాళ్లు పైకి రారు. అందుకే దీపం దింపి చూస్తారు. చెడ్డగాలికి అందరి దీపాలూ ఆరిపోతాయి. జీవమ్మ దీపం ఆరదు. గాలి చెడ్డదైతే మంట మెడ తిప్పి, పైనున్న ఆమె మొగం చూస్తుంది. మంచిదైతే తన పని తాను చూసుకుంటుంది. వాళ్లమ్మ ఇచ్చిన దీపం అది. రుద్రవరం నుంచి కూడా బండి కట్టుకొని వచ్చి ఆమెను తీసుకుపోతారు.

జీవమ్మ నలుగురిలో నోరు విప్పదు. దీపం తిరిగితే తల అడ్డంగా ఊపుతుంది. రైతులు పాతర మూత తెరిచిపెట్టి, పొద్దు వాలేదాకా బీడీలు తాగుతా కూచుంటారు.

పంతొమ్మిది వందల ఎనభై నాలుగు ఎండాకాలంలో ఆమె మొగుడు దేవసహాయానికి నంద్యాలలో కాపలా పని దొరికింది. సముద్రం అడుగు నుంచి ఓడలో తెచ్చిన నల్లరాళ్లు, ఉర్లగడ్డలంతేసి, పరీక్ష కోసం ఒక పాత పత్తి గోదాములో పోసినారు. ఆ గోదాములోనే ఉండేదానికి గది ఇస్తామన్నారు.

"సిమెంటు గచ్చు మే. మన కొట్టం మాదిరి కారదు," అన్నాడు దేవసహాయం.

"కిటికీ ఉందా?"

"దుమ్ము పడకుండా అన్నీ మూసేసినారు. రాళ్లకు మనకంటే మర్యాద ఎక్కువ."

దేవసహాయానికి చర్చిలో పాట ఎత్తుకుంటే బయట రోడ్డు మీద పోయేవాళ్లు నిలబడేంత ఊపిరి.

పొద్దున బస్సుకు పెట్టె, మంచం వేసుకొని పోయినారు. రాళ్ల ఇంజనీరు జనార్దనం తాళం తీసినాడు. దేవసహాయం మంచం ఎత్తినాడు. జీవమ్మ అలవాటు కొద్దీ దీపం వెలిగించి గడప లోపల పెట్టింది.

మంట మెడ తిప్పి ఆమెను చూసింది. చూస్తానే ఉండిపోయింది.

"ఇది పాతర కాదు మే. రాళ్లు కుళ్లుతాయా?" అన్నాడు దేవసహాయం.

జీవమ్మ తల అడ్డంగా ఊపింది.

"గది నచ్చలేదేమో," అన్నాడు జనార్దనం. ఆ ఊపుకు అర్థం ఆయనకు తెలీదు.

"వచ్చి ఉంటే అదే నచ్చుతాది సార్," అని దేవసహాయం ఒక కాలు లోపల పెట్టినాడు.

జీవమ్మ మంచంకోడు పట్టుకుంది. కొంగు వేలికి చుట్టుకొని, నేల చూస్తా అనింది. "పాతరే సార్ ఇది. తెరిచిపెట్టాల. దీంట్లో ఎవురూ పండుకోరు."

పెళ్లయినంక ఆమె పరాయి మనిషితో అన్ని మాటలు మాట్లాడడం దేవసహాయం వినలేదు. మంచం దించినాడు.

జనార్దనం దీపం ముందర గొంతుకూచున్నాడు. మూసిన కిటికీల వైపు తిరిగి అన్నాడు. "ఈ రాళ్లల్లో రేడియం కొంచెం ఉంటుందమ్మా. చేత్తో పట్టుకుంటే భయం లేదు. కానీ దాన్నుంచి వాసన లేని గాలి పుడుతుంది, మూసిన గదిలో పేరుకుంటుంది. ఏండ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు చెడతాయి. పుస్తకంలో చదివినా. తాళం వేసేటప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు."

ఆ వారమే గోడలు కొట్టి కిటికీలు పెట్టించినాడు. గోదాములో పరీక్షకు రాళ్లు కొట్టే ఆడవాళ్లకు జీవమ్మ నోరు విప్పకుండానే చేసి చూపించింది. రాయి తడపాల, కల్లంలో తూర్పార పట్టినట్టు గాలికి వీపు పెట్టి నిలబడాల, ముక్కుకు గుడ్డ కట్టాల, చేతులు కడగందే సంగటి ముట్టగూడదు.

తర్వాత పట్నం నుంచి ఆ గాలిని కొలిచే ముల్లున్న యంత్రం వచ్చింది. కిటికీలు రాత్రంతా మూసి ఉండడంతో, పొద్దున్నే తలుపు తీయగానే ముల్లు పైకి లేచింది, పక్కన దీపం వెనక్కి తిరిగింది. జనార్దనం తలుపు మీద సుద్దతో "పాతర" అని రాసి, కింద "తెరిచి, పొద్దెక్కినాక రండి" అని రాసినాడు.

దేవసహాయం కాపురం గోదాము ఆవరణలో రేకుల కొట్టంలో పడింది. తొలి వానకే కారింది.

"ఈడ కూడా కారుతాండాది మే," అన్నాడు.

జీవమ్మ ధార కింద చెంబు పెట్టింది. చెంబు చప్పుడుకు ఆయన గొంతు కలిపి, రొమ్ము నిండా గాలి పీల్చుకొని పాట ఎత్తుకున్నాడు. మధ్యలో దీపం, ఎవరి వైపూ చూడకుండా, తన పని తాను చూసుకుంటా ఉంది.